తండ్రీకొడుకుల నడుమ లేని మాట

హిందీలో 'స్వప్నదోష్' అను మాట యొకటి కలదు. యౌవనారంభమున బాలునకు నిద్రలో, తన ప్రయత్నమేమియు లేకుండగనే జరుగు వీర్యస్ఖలనమునకు ఆ భాష పెట్టిన పేరది. తెలుగు వైద్యగ్రంథములు దానినే 'స్వప్నస్ఖలనము' అన్నవి. రెండును సంస్కృతము నుండి వచ్చినవే. కాని రెండవది జరిగినదానిని చెప్పి యూరకుండును, మొదటిది జరిగినదానిపై తీర్పు చెప్పును. భిలాయి ఉక్కుపట్టణమున క్యాంప్ 1 లో పుట్టి పెరిగి, ఇంట అమ్మతో తెలుగును, వీథిలో ఛత్తీస్‌గఢీని, బడిలో హిందీని మాటాడు పదునాలుగేండ్ల బాలుడు తన శరీరమున కనబడిన యీ క్రొత్తదానికి పేరు వెదకుకొన్ననాడు వానికి మొదట దొరకునది ఆ దోషమను మాటయే. అది రైలుకట్టల ప్రక్క గోడలమీద 'గుప్తరోగ' వైద్యులు వ్రాయించుకొను ప్రకటనలలో దొరకును. ఇప్పుడు అంతకంటె సులభముగా చేతిలోని ఫోనులో దొరకును. సుఖరోగముల చికిత్సకును, సంభోగశక్తి వృద్ధికిని మందులున్నవని ప్రకటించుట నేరమని 1954 లోనే పార్లమెంటు చట్టము చేసినను గోడలు ఆ చట్టమును చదువలేదు. బాలుడు మాత్రము గోడను చదివెను. ఆ రాత్రి వానికి నిదురపట్టలేదు. ప్రక్కగదిలో తండ్రి రాత్రి షిఫ్టునకు సిద్ధమగుచున్నాడు.

ఆ రెండు గదుల నడుమనున్న గోడను గూర్చియే యీ వ్యాసము. తండ్రులు కౌమారవయస్కులైన కొడుకులతో లైంగికారోగ్యమును, సంతానసంబంధమైన ఆరోగ్యమును గూర్చి మాటాడుట యెట్లు, మాటాడకుండుట యేల, మాటాడినచో ఏమి చెప్పవలెను అను ప్రశ్నలు దేశమంతట ఉన్నవే. కాని పెద్దప్రశ్నను చిన్నచోట నిలిపి చూచినప్పుడు దాని యెముకలు కనబడును. తెలుగు కుటుంబము తన ఊరిని విడిచి మూడు తరములైన యీ క్యాంపు అట్టి చోటు.

1955 ఫిబ్రవరి 2 న భిలాయి ఉక్కుకర్మాగారమును గూర్చి భారత సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒప్పందము కుదిరినది. 1959 ఫిబ్రవరి 4 న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఆ నాలుగేండ్లలోను ఆ తరువాతి దశాబ్దములలోను మన్నుత్రవ్వుటకు, కాంక్రీటు మోయుటకు, కొలిమికడ నిలుచుటకు నానాదేశముల కూలీలు వచ్చిరి. నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల పల్లెలనుండి వచ్చినవారికి దారి తెలిసినదే: విజయనగరమున రైలెక్కి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూరు చేరుట. సెక్టార్లలో క్వార్టర్లు కొందరికి దొరకినవి. తక్కినవారు నిర్మాణకాలపు కూలీల శిబిరములలోనే నిలిచిపోయిరి. క్యాంప్ 1, క్యాంప్ 2 అను పేళ్ళలో ఆ శిబిరము ఇప్పటికిని వినబడుచున్నది. వారు తమతో దేవతలను తెచ్చుకొనిరి, పండుగలను తెచ్చుకొనిరి, పచ్చళ్ళను తెచ్చుకొనిరి. సెక్టార్ 5 లో బాలాజీ మందిరము వెలసినది. తెచ్చుకొనలేనిది ఒక్కటి కలదు, దానిని పోగొట్టుకొంటిమని వారికిని తెలియలేదు.

తెలుగు బంధుత్వవ్యవస్థలో తండ్రీకొడుకుల నడుమ దూరము లోపము కాదు, ఏర్పాటు. తండ్రి యెదుట కొడుకు బిగ్గరగా నవ్వరాదు, కాలుమీద కాలు వేసికొనరాదు; అట్టివాడు తండ్రితో శరీరసంగతులు మాటాడునా? ఆ పని వ్యవస్థ మరియొకరికి అప్పగించినది. బావకును బావమరదికిని సరసమున్నది, మేనమామకు చనువున్నది, తాతకు మనుమనితో సమవయస్కునివలె పరిహాసమాడు హక్కున్నది. కళ్ళములో రాత్రి కాపలాకు పండుకొన్నప్పుడో, చెరువుగట్టుమీద కూర్చుండినప్పుడో పెద్దబావ చిన్నబావమరదికి నవ్వుచు నవ్వుచు చెప్పవలసినవి చెప్పెడివాడు. పశువులుగల యింట బాలునకు పుట్టుకయు, జతగూడుటయు రహస్యములు కావు. ఆబోతును తోలుకొనివచ్చుటయు, ఆవు ఈనుటయు వాడు ఎదుటనుండి చూచినవే. ఈ విధముగా తండ్రి మౌనము మౌనమువలె కనబడక, పదిమంది మాటల నడుమ ఒక గౌరవస్థానముగా నుండెను.

క్యాంపునకు వచ్చినది తండ్రి, తల్లి, పిల్లలు మాత్రమే. బావ పాలకొండ ప్రాంతమున పొలము చూచుకొనుచుండెను. మేనమామ పెండ్లికో చావునకో వచ్చి మూడవనాడు మరలిపోవుచుండెను. చెప్పవలసినవారందరును రైలుకు అవతలికొనయందు ఉండిపోగా, చెప్పకుండుటయే ధర్మముగా గలవాడొక్కడు కొడుకు ప్రక్కన మిగిలెను. నా యభిప్రాయమున వలస తెలుగు తండ్రి కష్టమునకు కీలకమిదియే. అతడు సిగ్గరి యనియు, మొరటువాడనియు, చదువులేనివాడనియు అనుట సులభము; కాని అతనికి సంప్రదాయము ఈ పాత్రను ఏనాడును నేర్పలేదు. ఉన్నట్టుండి అతడే తండ్రియు, మేనమామయు, బావయు కావలసివచ్చెను.

ఇట్లనుటచేత ఆ పాతయేర్పాటు మచ్చలేనిదని నేను చెప్పుట లేదు. బావ చెప్పినదానిలో సగము అసత్యము. ఒక చుక్క వీర్యము నలువది చుక్కల నెత్తురునకు సమానమనియు, అది పోయినచో కన్నులు గుంటలుపడి, జ్ఞాపకశక్తి నశించి, మగతనము చెడుననియు చెప్పినవాడును ఆ బావయే. రసరక్తాది సప్తధాతువులలో శుక్రమును చివరిదిగా, సారములలో సారముగా భావించిన ప్రాచీనవైద్యభావన పల్లెనోళ్ళలో నలిగి నలిగి ఈ భయముగా మారినది. 1960 లో మనోవైద్యుడు ఎన్. ఎన్. విగ్ ఈ భయముచేతనే బలహీనతయు, దిగులును, నిద్రలేమియు పొందు యువకుల స్థితికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టెను. అక్కడ వ్యాధి వీర్యములో లేదు, వీర్యమును గూర్చిన నమ్మకములో ఉన్నది. అదియుగాక బావ పరిహాసములో ఆడుది ఎల్లప్పుడును వేటకు దొరకు జంతువే. ఆమె యిష్టము, అయిష్టము అను మాట ఆ కళ్ళములలో నేటికిని వినబడదు. కాబట్టి పోయినదానిని తిరిగి తెచ్చుకొనుటతో పని తీరదు.

ఆడపిల్ల విషయమున తెలుగువారు ఒక పని చేసిరి. ఆమె రజస్వలయైన దినమును ఇంటిల్లిపాది ఎరుగును. చాపమీద కూర్చుండబెట్టుదురు, చిమ్మిలి పెట్టుదురు, మేనమామ చీర తెచ్చును. ఆ వేడుకలో ఆమెకు అవమానము కలుగునేమో, ఆ అంటుముట్టులు అన్యాయములేమో. అవి వేరుగా విచారింపవలసినవే. కాని ఆమె దేహమున మార్పు వచ్చినదని కుటుంబము బహిరంగముగా ఒప్పుకొనుచున్నది, ఆ వంకతో తల్లియో పెద్దమ్మయో రెండుమాటలు చెప్పుచున్నది. మగపిల్లవానికి పంచెల ఫంక్షను అని యొకటి కలదు. పంచె కట్టుదురు, ఫోటో తీయుదురు, భోజనములు పెట్టుదురు. తండ్రి ప్రక్కన నిలుచుండును. పంచె ఎందులకు కట్టుచున్నారో మాత్రము ఎవరును చెప్పరు. గొంతు మారినప్పుడు నవ్వుదురు, మీసము మొలిచినప్పుడు మురియుదురు. అంతకు ముందే, తొమ్మిదవయేటికిని పదునాలుగవయేటికిని నడుమ ఎప్పుడో, బీజములు పెరుగుటతో మొదలైన మార్పును గూర్చి ఒక్క మాటయు లేదు.

ఇక గ్రంథముల సంగతి. తెలుగునకు శృంగారశాస్త్రము కొరత లేదు. పదునైదవ శతాబ్దిలో కూచిరాజు ఎర్రన కొక్కోకమును తెనిగించెను. కాని అది ప్రౌఢులగు రసికులకై చేసిన శాస్త్రము, బాలుని భయమును తీర్చు పుస్తకము కాదు. ఇరువదవ శతాబ్దిలో చలము 'బిడ్డల శిక్షణ' వ్రాసి, పిల్లలను భయముతోను దండనముతోను పెంచరాదని తల్లిదండ్రుల ముఖముననే చెప్పెను. మహారాష్ట్రమున గణితాచార్యుడు రఘునాథ ధోండో కర్వే 1927 లో 'సమాజ స్వాస్థ్య' పత్రికను స్థాపించి, పాఠకులు పంపు లైంగికప్రశ్నలకు దాపరికము లేని సమాధానములు ముద్రించెను; ఆ సమాధానములకై అశ్లీలాపరాధము మోపబడగా 1934 లో అతని పక్షమున వాదించినవాడు అంబేద్కరు. మన విజయవాడలో గోరాగారి కుమారుడు డాక్టర్ సమరం దశాబ్దములపాటు వారపత్రికలలో అదే పని చేసెను. తెలుగు యువకులలో ఎన్ని వేలమంది ఆ ప్రశ్నోత్తరములను తలుపు వేసికొని చదివిరో ఎవరు లెక్కపెట్టగలరు? వానిని చదువునప్పుడు నాకు తోచునది ఒకటే: ఈ ఉత్తరములన్నియు తండ్రికి వ్రాయవలసినవి, తండ్రి చిరునామా లేక డాక్టరునకు చేరినవి.

తండ్రికి వ్రాసిన చీటీ అన్నంతనే గాంధీగారి బాల్యము స్ఫురింపక మానదు. అన్న కడియమునుండి బంగారము దొంగిలించిన తప్పును ఆ బాలుడు కాగితముమీద వ్రాసి రోగపీడితుడైన తండ్రి చేతికిచ్చెను. తండ్రి చదివి, కన్నీరు కార్చి, చీటీని చించివేసెను. క్షమింపబడిన కొడుకు ఆ కన్నీటిని జన్మమంతయు మరువలేదు. ఆ తండ్రియే 1885 లో మరణించిన రాత్రి, పదునారేండ్ల ఆ కొడుకు తండ్రి పాదములొత్తుట మాని భార్య గదికి పోయియుండెను. దానివలన కలిగిన సిగ్గును అతడు చెప్పుకొనుటకు నలువదియేండ్లు పట్టెను, అప్పటికిని ఆత్మకథలో లోకమునకు చెప్పుకొనెను. దొంగతనమునకు తండ్రికి చీటీ వ్రాయగలిగిన ధైర్యశాలికి సైతము కామమును గూర్చి వ్రాయుటకు చీటీ దొరకలేదు. ఆ రెండు సంఘటనలను ఒకదానిప్రక్క నొకటి ఉంచి చూచినచో మన కుటుంబములలో ఏ తప్పు చెప్పుకొనదగినదో, ఏ సంగతి చెప్పుకొనరానిదో స్పష్టమగును. బాలవివాహమే కొడుకును భర్తను చేసిన ఆ యింట సైతము మాట లేదు.

ప్రభుత్వము తండ్రితో మాటాడినది కాని, కొడుకుతో మాటాడుమని తండ్రికి చెప్పలేదు. 1952 లో కుటుంబనియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. 1968 లో నిరోధ్ కండోము బజారునకు వచ్చినది. ఆ కార్యక్రమపు ఎర్ర త్రికోణము గోడలనెక్కినది. తరువాత అత్యవసరస్థితి వచ్చినది. 1976–77 సంవత్సరమొక్కదానిలో దేశమున ఎనుబది లక్షలకు పైగా సంతాననిరోధ శస్త్రచికిత్సలు జరుగగా, వానిలో అరువది లక్షలకు పైగా పురుషులకు చేసినవి. బలవంతముచేత, బెదిరింపుచేత చేసినవి అనేకము. ఆనాటి భయము పురుషుని శరీరమున గూడుకట్టుకొన్నది. ఇప్పటి తండ్రుల తండ్రులు ఆ భయమును కొడుకులకు చెప్పలేదు, ఇచ్చిపోయిరి. మరల ఈ శతాబ్ది తొలియేండ్లలో ఆంధ్రదేశమున 'పులిరాజా' పేరున ఎయిడ్స్ ప్రచారము జరిగినప్పుడు ఊరూర ఆ పేరు గోడలమీద నిలిచెను, పిల్లలు ఇంటికి వచ్చి "పులిరాజా యెవరు?" అని యడుగగా తండ్రులు పత్రిక చాటున తల దాచుకొనిరి.

బడి చేయవచ్చునుగదా యందురు. 2005 నుండి కేంద్రప్రభుత్వము కౌమారవిద్యా కార్యక్రమమును పాఠశాలలలో ప్రవేశపెట్టగా 2007 లో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక మొదలగు రాష్ట్రములు దానిని ఆపివేసినవి. 2009 లో మన తెలుగువారే యగు ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షత వహించిన రాజ్యసభ అర్జీల సంఘము పాఠశాలలలో లైంగికవిద్య కూడదని నివేదించినది. ఇట్టి శిక్షణ ఇంటిపని, కుటుంబధర్మము అను వాదము ఆనాటి చర్చలో బలముగా వినవచ్చెను. ఆ వాదమును నేను తృణీకరింపను. కాని ఇంటిపని యన్నవారు ఇంటిలో ఎవరు, ఏ మాటలతో, ఏ వేళ చెప్పవలెనో ఆలోచించిరా? 2014 జనవరి 7 న ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము పది మొదలు పందొమ్మిదేండ్ల వయసువారికి ఆసుపత్రులలో సలహాకేంద్రములను, తోటివారిలోనుండియే 'సాథియా' అను చెలికాండ్రను ఏర్పరచినది. మంచిదే. పదవ తరగతి విజ్ఞానశాస్త్రమున ప్రత్యుత్పత్తి పాఠమును ఉన్నది. అది బీజకణము ఎట్లు పుట్టునో చెప్పును. ఆ రాత్రి నిదురపట్టని బాలునకు "నీకేమియు కాలేదు" అని చెప్పదు.

పరిశోధనలు చెప్పునదేమి? 2006–07 లో ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో ఏబదివేలకు పైగా యువతీయువకులను ప్రశ్నించిన పెద్ద అధ్యయనమొకటి జరిగినది. కుటుంబజీవిత విద్య యేదైనను పొందినవారు వారిలో నూటికి పదునైదుగురికి మించలేదు. బడిచదువును గూర్చి, స్నేహితులను గూర్చి తల్లిదండ్రులతో మాటాడువారు పెక్కురు. శరీరమును గూర్చి, ప్రేమను గూర్చి మాటాడువారు అత్యల్పులు. విదేశముల సంగతి చూతము. మన భిలాయి ఒప్పందము కుదిరిన 1955 లోనే స్వీడను దేశము పాఠశాలలలో లైంగికవిద్యను నిర్బంధము చేసినది. అక్కడ బడి ముందు నడువగా ఇల్లు వెనుక నడిచినది. 2016 లో అమెరికాలో పాతికవేలకు పైగా కౌమారులపై జరిగిన 52 పరిశోధనలను ఒకచోట చేర్చి తూచిరి. తల్లిదండ్రులు మాటాడిన ఇండ్లలోని పిల్లలు కండోము మొదలగు రక్షణలను కొంత యెక్కువగా వాడుదురని తేలినది. ఆ సంబంధము చిన్నదే కాని ఉన్నది. అయితే అది కొడుకులలోకంటె కూతుండ్రలోను, తండ్రి మాటలోకంటె తల్లి మాటలోను అధికముగా కనబడెను.

దీనిని చదివి తండ్రి మాట వ్యర్థమనువారున్నారు. నాకట్లు తోచదు. తల్లి మాట యేండ్ల తరబడి, కూర తరుగుచు, జడ వేయుచు, చిన్న చిన్న తునకలుగా సాగును. తండ్రి మాట, అసలు వచ్చినచో, ఒక్కనాడు, కోపముతోనో భయముతోనో, ఒక్క హెచ్చరికగా వచ్చి ముగియును. ఆ రెంటిని ఒకే తక్కెడలో తూచిన ఫలితమది. న్యూయార్కు నగరమున విన్సెంట్ గిలామో-రామోస్ మొదలగువారు నల్లజాతి, లాటినో తండ్రులకు కొడుకులతో మాటాడుట నేర్పు ప్రత్యేక కార్యక్రమమునే నడిపిరి. అక్కడి తండ్రులలో కూడ అల్పవేతనపు శ్రామికులును, వలసకుటుంబములవారును ఉన్నారు. సందేశము గోడనుండి గాక తండ్రి నోటనుండి రావలెననునదే ఆ ప్రయత్నమునకు ఆధారము.

వేళ దొరకుటయు చిన్నసంగతి కాదు. కర్మాగారమున వారమునకొక షిఫ్టు మారును. తండ్రి మేలుకొన్నప్పుడు కొడుకు బడిలో, కొడుకు ఇంట నున్నప్పుడు తండ్రి నిద్రలో. ఠేకా (కాంట్రాక్టు) కూలీయైనచో పండ్రెండు గంటల పని. భిలాయి శ్రామికులను ఏండ్ల తరబడి పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ పారీ పర్మినెంటు కార్మికుని దాంపత్యమునకును ఠేకా కార్మికుని దాంపత్యమునకును భేదము కనుగొనెను. విడిపోవుటయు మరల కట్టుకొనుటయు వాడుకగానున్న ఛత్తీస్‌గఢ్ శ్రామికకులములలో సైతము ఉక్కుకర్మాగారపు స్థిరోద్యోగులు భార్యాభర్తల సన్నిహితబంధమునకు, స్థిరమైన పెండ్లికి ఎక్కువ విలువనిచ్చుచున్నారని అతడు వ్రాసెను. భార్యతో మాటాడుట నేర్చిన తండ్రి కొడుకుతో మాటాడుటకు సగము దారి నడిచినట్లే. ఇనుపఖనిజము దొరకు దల్లీరాజహరాలో 1977 లో శంకర్ గుహా నియోగీ నాయకత్వమున గనికార్మికులు సంఘము కట్టి, కూలిరేట్లకే గాక మద్యపానమునకు వ్యతిరేకముగా ఉద్యమించిరి. 1983 లో తమ డబ్బుతో, తమ చేతులతో షహీద్ ఆసుపత్రిని నిలిపిరి. 1991 సెప్టెంబరు 28 న భిలాయిలోనే నియోగీ హత్య చేయబడెను. మగవాని త్రాగుడు వాని సొంతగొడవ కాదనియు, సంఘములో కూర్చుండి మాటాడుకొనదగిన విషయమనియు మొగవారే అంగీకరించిన నేల యిది. అట్టిచోట తండ్రులు పదిమంది కూడి కొడుకులను గూర్చి మాటాడుకొనుట అసంభవమని నేను నమ్మను.

చెప్పవలసినవి యేవి? అన్నిటికంటె ముందు, భయము తీర్చుట. నిద్రలో జరుగునది రోగము కాదు, నష్టము కాదు. దేహము వీర్యమును అనుదినము క్రొత్తగా తయారుచేయుచునే యుండును. దానికి పెద్ద ఉపన్యాసము అక్కరలేదు. కొడుకు నోరు తెరచి, "నాన్నా, ఇది బీమారీ కాదు కదా?" అని యడిగినచో,

"కాదురా బాబూ. నాకూ అయింది. మా నాయిన సెప్పనేదు. మా బావ సెప్పినాడు గానీ సగం అబద్దం సెప్పినాడు."

ఇంతే చాలును. 'నాకూ అయింది' అను మాట డాక్టరు చెప్పలేడు, మాస్టరు చెప్పడు, ఫోను చెప్పదు. 2016 సెప్టెంబరులో చౌక ఇంటర్నెట్టు వచ్చిన తరువాత క్యాంపు కుఱ్ఱవానికి చూచుటకు దొరకనిది లేదు. కాని ఆ బొమ్మలలో నటులున్నారు, డబ్బున్నది, కత్తిరింపులున్నవి, నిజమైన స్త్రీ యిష్టము లేదు అని చెప్పువారు లేరు.

రెండవది ప్రాణముతో సమానమైన సంగతి; దీనిని తెలిసిన తండ్రులు నూటికొకరైనను ఉందురో లేదో. కౌమారమున ఒక్కొక్కప్పుడు బీజము తన తీగమీద తానే మెలిపడి రక్తప్రసారము ఆగిపోవును. ఒకవైపు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాపు, వాంతులు. ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరిగినచో బీజము చాలవరకు దక్కును. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. బాలుడు సిగ్గుపడి "కడుపునొప్పి" అనును, తల్లి వాము నమలుమనును, తెల్లవారును. ఇక్కడ మౌనము ఒక అవయవమును పోగొట్టును. "అక్కడ నొప్పెడితే అర్ధరాత్రయినా నన్ను లేపు, డ్యూటీలో ఉంటే ఫోన్ చెయ్యి" అని ఒక్కసారి చెప్పియుంచిన తండ్రి కొడుకునకు ఆస్తి యిచ్చినవానికంటె ఎక్కువ యిచ్చినట్లు నేనెంచుదును.

మాట దొరకదనువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయవలెను. మన భాషలో ఈ యవయవములకు ఒకవైపు బూతు, మరియొకవైపు 'వృషణము', 'శిశ్నము' అను పండితపదములు. నడుమ ఇంటిలో పలుకదగిన మాట లేదని పెక్కురు వాపోవుదురు. కాని ఫైలేరియా ఎక్కువగా ఉండిన శ్రీకాకుళపు పల్లెలలో 'వరిబీజము' అను మాటను ముసలివారు, ముత్తైదువలు, పిల్లలు సంకోచములేక పలికిరి. ఫలానావానికి వరిబీజము దిగినదని వీథి అరుగుమీద చెప్పుకొనిరి. కాబట్టి 'బీజాలు' అను మాట ఉన్నది, అందులో దోషము లేదు, తండ్రికి అది తల్లిభాషలోనిదే. దానినే కొడుకునకు ఇచ్చినచో వానికి గోడమీది హిందీమాటతో పనిలేదు.

ఉక్కుపనివానికి బీజములను గూర్చి చెప్పుకొనుటకు మరియొక వంక కూడ కలదు. అవి దేహమునకు వెలుపల వ్రేలాడుట ఊరక కాదు. బీజకణములు పుట్టుటకు శరీరతాపముకంటె రెండు మొదలు నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావలెను. కొలిమి యెదుట, కోకు బట్టీలమీద దీర్ఘకాలము నిలుచువారికి బీజకణములు తగ్గవచ్చును. పిల్లలు కలుగనప్పుడు లోకము కోడలిని నిందించును. ఆ కోడలి మగడు ఏ కొలిమి యెదుట నిలిచెనో అడుగదు. ఇది తండ్రి తన పనిగురించి చెప్పుచునే చెప్పగలిగిన సంగతి.

మేనరికమును గూర్చి మన తండ్రులు గంటలకొలది మాటాడుదురు. అక్కకూతురా, మేనత్తకూతురా, కట్నమెంత అని. రక్తమును గూర్చి మాటాడరు. ఛత్తీస్‌గఢ్‌లో కొడవలికణ రక్తహీనత, ఇక్కడివారు 'సికిల్' అనునది, విస్తారముగా నున్నది. ఆ లక్షణమును మోయు ఇద్దరు, తమకే రోగమును లేకున్నను, పెండ్లాడినచో పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒకవంతు రోగభయము. ఒక్క రక్తపరీక్షతో తేలును. పెండ్లిమాటలు నడుపుట తండ్రి హక్కని నమ్ము సమాజములో ఈ పరీక్షను గూర్చి కొడుకుతో మాటాడుటయు తండ్రిపనియే.

చట్టమును గూర్చి కొంచెము గట్టిగానే చెప్పవలసియున్నది. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు వారి అంగీకారమును అంగీకారముగా గణింపదు. పదునేడేండ్ల పిల్లతో ఇష్టపడి వెళ్ళిపోయిన పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు దుర్గు జైలులోనుండి తండ్రికి కబురు పంపు దినమున చెప్పుటకేమియు మిగులదు. శిక్షాభయముకంటె ముందు చెప్పవలసినది వేరే కలదు: ఎదుటిమనిషి 'వద్దు' అన్నప్పుడు అది వద్దే యని. దానిని తండ్రి నోటితో చెప్పుటకంటె ఇంట తల్లితో మెలగుటలో ఎక్కువ చెప్పును. కొడుకు చూచుచునే యుండును.

కొడుకు చూచినది మరియొకటి కలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో దేశమున వివాహితస్త్రీలలో నూటికి 37.9 మంది సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుకొనినవారు. ఆ శస్త్రచికిత్స చేయించుకొన్న భర్తలు 0.3. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలసంఖ్య నూటికి దాదాపు 70. పురుషునకు చేయు శస్త్రచికిత్స చిన్నది, కొన్ని నిమిషములది. కత్తిగాటు లేకుండ చేయు పద్ధతియు ఎన్నడో వచ్చినది. 2014 నవంబరు 8 న ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ సమీపమున, ఒక్క శిబిరములో కొద్దిగంటలలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేయగా, ఆ దినములలో ఆ జిల్లా శిబిరములకు వెళ్ళినవారిలో పదిమందికి పైగా మరణించిరి. 2016 లో సుప్రీంకోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని ఆజ్ఞాపించెను. ఆ వార్త క్యాంపు ఇండ్లలోని టీవీలలోను వచ్చెను. తల్లులు తమ పొత్తికడుపుమీద చేయి వేసికొని చూచిరి.

అట్టి యింట పెరిగిన కొడుకు పదునేడవయేట, ఆదివారము మధ్యాహ్నము, తండ్రితో స్కూటరుమీద పవర్‌హౌస్ స్టేషను వైపు పోవుచున్నాడనుకొందము. ఎదురెదురుగా కూర్చుండి మాటాడరానివి ఒకరివెనుక నొకరు కూర్చుండినప్పుడు మాటాడవచ్చును. ముఖము కనబడదు, రోడ్డు కనబడును. "అమ్మెందుకు ఆపరేషన్ చేయించుకుంది నాన్నా? నువ్వెందుకు చేయించుకోలేదు?" అని వెనుకనుండి అడుగును. తండ్రికి జవాబులు లేకపోలేదు. తన తండ్రి చెప్పక యిచ్చిన భయమున్నది. బలము పోవునని, బరువులెత్తలేనని నమ్మిన నమ్మకమున్నది. నర్సు ఇంటికి వచ్చినప్పుడు తాను షిఫ్టులో ఉన్నాడు. రైల్వే గేటు పడినది. బండి ఆపి, కాలు నేలమీద మోపి, వెనుకకు తిరుగకుండనే చెప్పును:

"నన్నెవులూ అడగనేదురా. నానూ అడగనేదు."